పిడికెడు బియ్యానికి ఇంత చెడ్డపేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: మా ఊళ్ళో ఏళ్ళ తరబడి మూతబడి ఉన్న గ్రంథాలయాన్ని మళ్ళీ తెరవాలని నేనూ, మరికొందరు ఆడవాళ్ళమూ ప్రతి ఆదివారం ఇంటింటికీ వెళ్ళి చందాలు, పాత పుస్తకాలు అడుగుతున్నాము. ఈ మధ్య ఒక పెళ్ళిలో, భోజనాల పంక్తిలో మా బాబాయి అందరి ముందూ, “శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నదానివి, నీకీ ముష్టి ఎత్తుకునే ఖర్మ ఏమిటమ్మా?” అన్నారు. అందరూ నవ్వారు. నాకు ముద్ద దిగలేదు. ఇంటికి వచ్చాక డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, “ముష్టి అంటే పిడికిలి కదా, ముష్టియుద్ధం అంటాం, అది అడుక్కోవడం ఎలా అయింది?” అని అడిగాడు. చెప్పలేకపోయాను. ఆ మాట ఎక్కడిది? మా బాబాయికి ఏమని జవాబు చెప్పాలి? చందాలు అడగడం మానేయమంటారా? ఇంకొక చిన్న సందేహం కూడా ఉంది. మా గోడపత్రికకు ఒక పిల్లవాడు రాసిచ్చిన వ్యాసంలో ‘ముష్టివాళ్ళు’ అని ఉంది. దిద్దాలా, అలాగే ఉంచాలా?
(పేరు వేయవద్దన్న పాఠకురాలు)

సమాధానం:

మానవద్దు. ముందు ఆ ఒక్క ముక్క చెప్పేస్తే మిగిలినది తీరికగా మాట్లాడుకోవచ్చు.

మీ అబ్బాయి మాటను సరైన చోట పట్టుకున్నాడు. ముష్టి సంస్కృతపదం. మొదటి అర్థం మూసిన చేయి, అంటే పిడికిలి. ముష్టియుద్ధంలోనూ ముష్టిఘాతంలోనూ ఉన్నది ఆ అర్థమే. రెండో అర్థం ఆ పిడికిట్లో పట్టినంత. హిందీలో ముట్ఠీ అన్నా అదే, పిడికిలీ అవుతుంది, పిడికెడూ అవుతుంది. మనమూ ఒకప్పుడు చేతినే కొలతగా వాడుకున్నవాళ్ళమే కదా. చిటికెడు ఉప్పు, చారెడు పప్పు, గుప్పెడు అటుకులు, దోసెడు బియ్యం అంటాం. తక్కెడ, తూకపురాళ్ళు అందరి ఇళ్ళలో ఉండవు, చేయి మాత్రం అందరికీ ఉంటుంది.

గుమ్మం ముందు ఎవరైనా వచ్చి నిలబడితే ఇంటి ఇల్లాలు లోపలికి వెళ్ళి బియ్యంలో చేయి పెట్టి, వచ్చినన్ని తెచ్చి జోలెలో పోసేది. ఆ వచ్చినన్నే ముష్టి. అంటే అది మొదట అడిగినవాడి పేరు కాదు, అడగడం అనే పని పేరూ కాదు. పెట్టిన దాని కొలత. ఆ కొలతే మెల్లగా పెట్టిన వస్తువుకు పేరైంది. తరవాత దాన్ని తీసుకోవడం ‘ముష్టి ఎత్తడం’ అయింది, తీసుకున్నవాడు ‘ముష్టివాడు’ అయ్యాడు. పెట్టే చేతి నుంచి పుచ్చుకునే మనిషి మీదికి జారిపోయిన మాట ఇది. ఇందులో అన్యాయం ఒకటి ఉంది. పిడికిలి పెట్టినవాళ్ళది, చెడ్డపేరు పుచ్చుకున్నవాడిది.

‘ఎత్తడం’ అన్న క్రియను కూడా ఒకసారి చూడండి. ముష్టి ఎత్తుతాం, బిచ్చం ఎత్తుతాం, చందా కూడా ఎత్తుతాం. నలుగురి దగ్గర కొంచెం కొంచెంగా పోగుచేయడం అనే అర్థంలో తెలుగు ఆ మూడింటికీ ఒకే క్రియ ఇచ్చింది. మీరు చేస్తున్న పనికీ మీ బాబాయి పెట్టిన పేరుకూ అంత మేరకు చుట్టరికం ఉన్నమాట నిజమే. అది దాచుకోవలసినదేమీ కాదు.

ఇక అవమానం ఎక్కడ మొదలైందో చూద్దాం. పిడికెడు చిన్న కొలత. మనకు చిన్న కొలతలన్నిటినీ తిట్టుగా మార్చుకునే అలవాటు ఉంది. దమ్మిడీ నాణెం పోయినా ‘దమ్మిడీకి కొరగాడు’ అన్న మాట పోలేదు. చిల్లర అంటే మార్చిన డబ్బు, అంతే. కానీ చిల్లర మనిషి, చిల్లర వేషాలు అంటే ఇంకేమీ వివరించనక్కరలేదు. ముష్టి కూడా ఆ దారినే పోయింది. ‘ముష్టి పది రూపాయల కోసం ఇంత గొడవా’, ‘ముష్టి ఉద్యోగం’ అంటున్నప్పుడు అక్కడ యాచన అనేదే లేదు. లెక్కలోకి రానిది, చులకనైనది అనే విశేషణం మాత్రమే మిగిలింది. మీ బాబాయి నోట వచ్చినప్పుడు ఈ రెండు అర్థాలూ కలిసి వచ్చాయి. అడుక్కుంటున్నావు, అది కూడా ఇంత చిన్నవాటి కోసం అని. అందుకే అంత గట్టిగా తగిలింది.

అయితే ఇదే కొలతకు తెలుగులో ఇంకొక పేరుంది. పట్టెడు. చేతికి పట్టినంత. ముష్టికీ దానికీ పరిమాణంలో తేడా లేదు. కానీ ‘నాకు పట్టెడన్నం పెట్టిన ఇల్లు’ అని ఎవరైనా అంటే గొంతులో కృతజ్ఞత వినిపిస్తుంది, ‘నాకు ముష్టి వేసిన ఇల్లు’ అంటే పగ వినిపిస్తుంది. పెట్టినది అదే, తిన్నది అదే. ఏ మాట నోటికి వస్తుందన్నది ఆ రోజు పెట్టినవాళ్ళ ముఖం ఎలా ఉందన్న దాన్నిబట్టి ఉంటుందని నా అనుమానం.

ముష్టి ఒక్కదానితో ఈ కథ పూర్తికాదు. యాచనకు మన దగ్గర ఉన్నన్ని పేర్లు చాలా పనులకు లేవు. వాటిని పక్కపక్కన పెడితే మీ బాబాయి మాటలో నిజంగా ఏం జరిగిందో తెలుస్తుంది. సన్యాసి గుమ్మంలో నిలబడితే అది భిక్ష. బ్రాహ్మణుడు పొద్దున్నే చెంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే యాయవారం. సంస్కృతంలో యాయావరుడంటే ఒకచోట నిలవక తిరుగుతూ ఉండేవాడు. విద్యార్థి నాలుగిళ్ళలో అన్నం తెచ్చుకుంటే మాధుకరం. మధుకరం అంటే తేనెటీగ, ఏ పువ్వునూ పూర్తిగా పిండకుండా ప్రతిదాని నుంచీ కొంచెం తీసుకునేది కనుక ఆ పేరు. అదే విద్యార్థి వారంలో రోజుకొక ఇంట కూర్చుని తింటే వారాలు చేసుకోవడం. మన పెద్దవాళ్ళ తరంలో బాగా చదువుకుని పైకి వచ్చినవాళ్ళలో కొందరు వారాలు చేసుకుని చదివామని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు సరికదా, గర్వపడ్డారు. ఫకీరుకు వేసేది ఖైరాతు. మంచిపనులు అని ఆ అరబ్బీ మాటకు అర్థం. ఇక ఈ పేర్లేవీ దక్కని మనిషి, చదువూ మఠమూ కులగౌరవమూ వెనక లేని మనిషి, వచ్చి అదే గుమ్మంలో అదే బియ్యం పుచ్చుకుంటే ముష్టి.

పని ఒక్కటే. చేసే మనిషి అంతస్తును బట్టి పేరు మారుతోంది. కాబట్టి ‘ముష్టి ఎత్తుకుంటున్నావు’ అన్నప్పుడు ఆయన మీ పనిని వర్ణించడం లేదు, మీకొక అంతస్తు కేటాయిస్తున్నారు. అన్నట్టు, బల్ల వెనక కూర్చుని లంచం అడిగేవాణ్ణి ముష్టివాడని ముఖాన అనే ధైర్యం ఈ ఊళ్ళలో ఎంతమందికి ఉంది? అక్కడ అడిగేవాడి చేయి పైన ఉంటుంది కదా.

మీ అబ్బాయికి మాటల పుట్టుక మీద ఆసక్తి ఉన్నట్టుంది కనుక ఇంకొంచెం. బిచ్చం అన్నది భిక్షకు వికృతి, అంటే పలికి పలికి తెలుగు నోటికి అనువుగా మారిన రూపం. ఆ భిక్షకు మూలమైన భిక్ష్ ధాతువును భజ్ అనే ధాతువుతో ముడిపెడతారు. పంచడం, పంచుకోవడం భజ్ అర్థాలలో ఒకటి. భాగం, భాగ్యం, భక్తి అన్నీ ఆ కుదురు నుంచి వచ్చినవే. ఆ లెక్కన భిక్ష అంటే నా పాలు నాకు కావాలని కోరడం. అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు ప్రాంతాల్లో బౌద్ధం వెలిగిన రోజుల్లో పాత్ర పట్టుకుని ఊళ్ళోకి వచ్చినవాడికి భిక్షువు అనే పేరే గౌరవపదం. ఇప్పటికీ ఒడుగులో, అంటే ఉపనయనంలో, వటువు “భవతి భిక్షాం దేహి” అని మొదట అడిగేది కన్నతల్లిని. శాస్త్రం అక్కడ కూడా వర్ణభేదం వదల్లేదు లెండి. ‘భవతి’, అంటే ‘అమ్మా’ అన్న పిలుపును బ్రాహ్మణుడు మొదట, క్షత్రియుడు మధ్యలో, వైశ్యుడు చివర పలకాలని మనుస్మృతి చెబుతుంది. అడగడంలో కూడా ఎవరి వరస వారిది.

అచ్చతెలుగులో తిరిపెం అనే మాట ఉండేది. తిరియు అంటే యాచించడం, ఇంటింటికీ తిరగడంలోని తిరుగుకు దగ్గరి చుట్టం. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఒకటి మీరు వినే ఉంటారు. తాగడానికి నీళ్ళు దొరకని చోట ఆయనకు శివుడి మీద కోపం వచ్చి, సిరిగల కృష్ణుడు పదహారువేల మందిని చేసుకున్నా చెల్లుతుంది కానీ “తిరిపెమున కిద్దరాండ్రా పరమేశా, గంగ విడుము పార్వతి చాలున్” అన్నాడట. తిరిపెం మీద బతికేవాడికి ఇద్దరు పెళ్ళాలా అని దేవుణ్ణే నిలదీశాడు. శివుణ్ణి ఆదిభిక్షువు అని కొలిచే జాతి ఆయన్ని ఆ పేరుతోనే ఎగతాళి కూడా చేసింది. యాచన మీద మన మనసు ఎప్పుడూ రెండుగానే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

సామెతలూ అంతే. “అడగనిదే అమ్మైనా పెట్టదు” అని అడగమంటాయి. “అడుక్కునేవాడికి అరవై ఊళ్ళు” అని వెక్కిరిస్తాయి.

ఈ రెండు సామెతల్లో క్రియలు గమనించండి. మొదటిదానిలో అడగడం, రెండోదానిలో అడుక్కోవడం. మీ ఉత్తరానికి నేను చెప్పదలచుకున్న అసలు జవాబు ఈ రెండింటి మధ్యలోనే ఉంది. అడుగుకొను అన్నదే వాడుకలో అడుక్కొను అయింది. ‘కొను’ చేరితే ఆ పని ఫలితం చేసినవాడికే చెందుతుందని అర్థం. వండడం ఎవరికైనా కావచ్చు, వండుకోవడం మాత్రం తన కోసం. రాయడం, రాసుకోవడం. తేవడం, తెచ్చుకోవడం. అలాగే అడగడం, అడుక్కోవడం. తెలుగు వ్యాకరణం ప్రకారం చూసినా, మీరు ఊరి పిల్లల కోసం పుస్తకాలు అడుగుతున్నారే కానీ అడుక్కోవడం లేదు. మీ బాబాయి మాటను ఇంకొకసారి చదవండి. “ముష్టి ఎత్తుకునే” అన్నారు. ఆయన తప్పంతా ఆ ‘కు’లో ఉంది. ‘ఎత్తే’ అని ఉంటే నేను ఆయనతో పెద్దగా తగాదా పడేవాణ్ణి కాదు.

వ్యాకరణం అన్నిటినీ తేల్చేస్తుందని కాదు. వేడుకోవడంలోనూ ‘కొను’ ఉంది, అయినా దేవుణ్ణి వేడుకున్నవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు. అలాగే తన కోసం, తన పిల్లల ఆకలి కోసం అడుక్కునే మనిషి మీ కంటే తక్కువవాడని నేను అనడం లేదు. ఆకలి వేసినప్పుడు అడగడం తప్పు ఎలా అవుతుంది? నేను అంటున్నదల్లా, మీకు అంటించిన మాట మీ పనికి సరిపోదని.

మీ పనికి సరిపోయే పూర్వులు మీకు బోలెడంతమంది ఉన్నారు. ముష్టి అన్న కొలతతోనే పెద్దపెద్ద సంస్థలు లేచాయి. లాహోరులో ఆర్యసమాజంవారు 1886లో దయానంద ఆంగ్లో వైదిక పాఠశాల మొదలుపెట్టారు. ఆ చదువుల నిధి కోసం ఇళ్ళలో కుండలు పెట్టించి, రొట్టెల పిండి కలిపేముందు రోజూ ఒక పిడికెడు అందులో వేయమన్నారు. దానికి ఆటా నిధి అని పేరు. మిజోరంలో 1910లో చర్చి స్త్రీలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ పిడికెడు పక్కకు తీసిపెట్టడం మొదలుపెట్టారు. బుహ్‌ఫై థమ్ అని వాళ్ళ భాషలో దాని పేరు, పిడికెడు బియ్యం అనే అర్థం. ఇప్పటికీ నడుస్తోంది, వాళ్ళ చర్చి ఆదాయంలో చెప్పుకోదగ్గ వంతు అందులోంచే వస్తోంది. వినోబా భావే సర్వోదయ పాత్ర కూడా ఈ పద్ధతే, ఇంట్లో చిన్నపిల్లల చేత రోజూ గుప్పెడు గింజలు వేయించమన్నారు. ఇవన్నీ అక్షరాలా ముష్టే. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే పిడికిళ్ళు లెక్కకు మించి ఉన్నాయి.

వినోబా పేరు వచ్చింది కనుక పోచంపల్లిని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1951 ఏప్రిల్ 18న ఆయన ఆ ఊళ్ళో ఉన్నప్పుడు దళిత కుటుంబాలవాళ్ళు తమకు సాగుకు 80 ఎకరాలు కావాలన్నారు. ఆయన ప్రభుత్వానికి రాస్తానంటూనే, ఊరివాళ్ళ వైపు తిరిగి మీలో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ తరవాత దేశమంతా కాలినడకన తిరిగినప్పుడు వినోబా అడిగిన తీరు నాకు ఇష్టం. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడనుకోండి, నా వాటా నాకు ఇవ్వండి అనేవారు. దయ చూపమని కాదు, వాటా ఇమ్మని. పైన చెప్పిన భిక్ష్ ధాతువును నిఘంటువు తెరవకుండానే ఆచరణలో పెట్టిన మనిషి. భూదానంలో వచ్చిన భూమి అంతా పేదలకు చేరలేదన్నదీ నిజమే, చేరనిది చాలా ఉంది. అడగడం ఒక విద్య అయితే, వచ్చినదాన్ని చేర్చవలసిన చోటికి చేర్చడం అంతకంటే కష్టమైన విద్య. ఈ సంగతి మీకూ పనికి వస్తుంది, కిందికి వచ్చాక చెబుతాను.

విజయవాడనూ మరచిపోకూడదు. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న అక్కడ జరిగిన కాంగ్రెసు సమావేశంలోనే తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30లోగా కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించారు. నూరేళ్ళ కిందటి కోటి. గాంధీగారు రైలు ఆగిన ప్రతిచోటా చేయి చాచేవారు. ఆడవాళ్ళు గాజులు తీసి ఇచ్చేవారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం కోసం దేశమంతా తిరిగిన మదనమోహన మాలవీయగారినైతే భిక్షుకుల్లో రాజు అని పిలిచారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నారు.

మీది గ్రంథాలయం కనుక అన్నిటికంటే దగ్గరివాళ్ళు ఇంకొకరున్నారు. తెలుగునాట గ్రంథాలయోద్యమం నడిచిందే ఊళ్ళవాళ్ళ చందాలతో. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో మొదలైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టి, ఇచ్చేవాళ్ళ చేతుల మీదుగా ఎదిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఊరూరా తిరిగి అడగకపోతే ఇప్పుడు మీరు తెరవాలనుకుంటున్న ఆ పాత గదికి తలుపులే ఉండేవి కావేమో. మీ ఊరి గ్రంథాలయం కూడా ఎవరో ఒకనాడు నలుగురినీ అడిగితే వచ్చినదే అయి ఉంటుంది. ఆ పాత దస్త్రాలు దొరుకుతాయేమో వెతకండి. దాతల జాబితాలో మీ తాతగారి పేరు కనిపిస్తే మీ బాబాయికి చూపించడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

ఇక ఆయనకు ఏం చెప్పాలన్నది. వాదించవద్దు. పంక్తిలో అన్నమాటకు పంక్తిలోనే బదులిచ్చే అవకాశం దాటిపోయింది, ఇప్పుడు ఇంటికి వెళ్ళి తగువు పడితే పెద్దాయనను నిలదీసిన పిల్ల అనిపించుకుంటారు తప్ప ఒరిగేది ఉండదు. ఒక ఆదివారం మీ బృందంతో ఆయన ఇంటికి కూడా వెళ్ళండి. మిగతా ఇళ్ళకు వెళ్ళినట్టే, రసీదు పుస్తకం పట్టుకుని. “బాబాయ్, ముష్టి అంటే పిడికెడట. ఊళ్ళో అందరి పిడికెడూ వచ్చింది, మీదే రాలేదు” అనండి. నవ్వుతూనే అనండి, ఆయన నవ్వించినట్టే. ఆ తరవాత మొత్తం గురించి మాట్లాడకుండా ఒక వస్తువు పేరు చెప్పి అడగండి. పిల్లల పుస్తకాలకు ఒక అల్మరా కావాలనో, రెండు బల్లలు కావాలనో. ఎగతాళి చేసినవాళ్ళలో సగం మందికి తమను ఎవరూ అడగలేదన్న చిన్న ఉక్రోషం ఉంటుంది. మిగిలిన సగం ఇవ్వరు, ఇవ్వకపోయినా మర్నాటి నుంచి ఆ మాట వాడరు. ఆయన ఏ సగంలో ఉన్నారో మీకే తెలుస్తుంది. పిల్లికి కూడా బిచ్చం పెట్టని మనిషి అయితే కాఫీ తాగి వచ్చేయండి.

మీ మనసులో ఉన్న బెరుకు గురించి కూడా ఒక మాట. ఆయన ఒక్క మాట అంటే మీకు ముద్ద దిగలేదంటే, ఆ మాట అంతకుముందే మీ లోపల ఎక్కడో తిరుగుతోందేమో. గుమ్మం ముందు నిలబడ్డప్పుడు గొంతు తగ్గించి, మెడ వంచి, “మీకు వీలైతేనే, ఏమీ అనుకోకండి” అంటున్నారా? అది మానండి. దేబిరించడం అనే మాట మన భాషలో ఉన్నది అటువంటి ముఖకవళికల కోసమే. ఏం అడుగుతున్నారో, ఎంత ఖర్చవుతుందో, ఇప్పటికి ఎంత వచ్చిందో మామూలు గొంతుతో చెప్పండి. లేదు అన్నవాళ్ళను రెండోసారి అడగవద్దు, లేదన్న సంగతి పక్కింట్లో చెప్పవద్దు. లేదనే స్వేచ్ఛ ఉన్నంతకాలమే అది చందా, ఆ స్వేచ్ఛ పోతే దౌర్జన్యపు వసూలు. పండుగ పందిళ్ళ పేరుతో కర్రలు అడ్డుపెట్టి వాహనాలు ఆపి చేసే వసూళ్ళు మీరూ చూసే ఉంటారు, దానికంటే ముష్టి ఎంతో మర్యాదైనది.

భూదానం దగ్గర ఆపిన మాట ఇది. వచ్చిన ప్రతి రూపాయీ, ప్రతి పుస్తకమూ ఎక్కడికి పోయిందో గ్రంథాలయం గోడ మీద రాసిపెట్టండి. ఇచ్చినవాళ్ళ జాబితాలో వెయ్యి ఇచ్చినవాళ్ళ పేరు పైన, పది ఇచ్చినవాళ్ళ పేరు కింద వేయకుండా అక్షరక్రమంలో వేయండి. పెద్ద మొత్తం ఇచ్చి గదికి తన పేరు పెట్టమనేవాళ్ళు తప్పకుండా వస్తారు. మీ ఇష్టం, నేనైతే ఒప్పుకోను. కుచేలుడు తెచ్చినది పిడికెడు అటుకులు, మూటవిప్పి తీసుకున్నది ద్వారకాధిపతి. రెండో పిడికెడు నోట పెట్టుకోబోతుంటే రుక్మిణి చేయి పట్టుకుని ఆపవలసి వచ్చింది. ఆ కథలో ముష్టి పేదవాడు పెట్టినది, పుచ్చుకున్నది రాజు. పది రూపాయలు ఇచ్చేవాళ్ళను తేలికగా చూడవద్దనడానికి ఆ కథ చెబుతున్నాను.

గోడపత్రిక సంగతి. దిద్దండి, కానీ ఎర్రసిరాతో కొట్టేయకండి. ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని, ఎవరి గురించి రాశాడో అడగండి. 2011 జనగణన లెక్కల్లో యాచకులు, నిలువనీడ లేక తిరిగేవాళ్ళు కలిపి దేశం మొత్తం మీద 4,13,670 మంది అని తేలింది. వాళ్ళందరినీ కలిపి ఒక తిట్టుతో పిలవడం పత్రికకు తగదు. ‘యాచకులు’ అని రాస్తే తప్పు లేదు, వార్తాపత్రికల్లో అదే వాడతారు, కాస్త సర్కారీ వాసన వేస్తుంది కానీ గాయం చేయదు. చట్టం కూడా ఈ విషయంలో చాలాకాలం మీ బాబాయిలాగే మాట్లాడింది. 1959 నాటి బొంబాయి యాచక నిరోధక చట్టం బహిరంగ స్థలాల్లో పాడి, ఆడి, జోస్యం చెప్పి డబ్బు పుచ్చుకోవడాన్ని కూడా యాచన కిందే కట్టి నేరం చేసింది. ఆ లెక్కన సంక్రాంతికి తల మీద అక్షయపాత్ర పెట్టుకుని చిడతలు వాయిస్తూ వచ్చే హరిదాసు, గంగిరెద్దును ఆడించే మనిషి, డమరుకం మోగించే బుడబుక్కలవాడు అందరూ నేరస్థులే. ఆ చట్టం ఢిల్లీలో కూడా అమల్లో ఉండేది. యాచనను నేరంగా చూసే దాని నిబంధనలను 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. పొట్ట గడవక అడిగినవాణ్ణి శిక్షించడమేమిటన్నదే అక్కడి ప్రశ్న.

ఆ పిల్లవాడు రాసింది హరిదాసు గురించో గంగిరెద్దులవాళ్ళ గురించో అయితే ‘యాచకులు’ కూడా వద్దు, వాళ్ళను వాళ్ళ పేరుతోనే రాయమనండి. హరిదాసు అడగడు కూడా. వాకిట్లో ఆగి పాడుకుంటాడు, పిల్లలు దోసిళ్ళతో బియ్యం తెచ్చి పాత్రలో పోస్తారు, ఆయన వంగుతాడు, వెళ్ళిపోతాడు. కోత ఇంటికి చేరిన పండుగ నాడు ఊరివాళ్ళ పంటలో పాటగాడి వాటా అది. వ్యాసం నిజంగా రైల్వేస్టేషను దగ్గర చేయి చాచే ముసలాయన గురించే అయితే, వీలుంటే ఆ ముసలాయనతో మాట్లాడి, ఆయన పేరేమిటో, ఏ ఊరివాడో, ఇంతకుముందు ఏం పని చేసేవాడో తెలుసుకుని రాయమనండి. పేరు పత్రికలో వేయనక్కరలేదు. తెలిసిన తరవాత పిల్లవాడి కలానికి ‘ముష్టివాడు’ అన్న మాట అంత తేలిగ్గా రాదు.

రసీదుల మీద ‘విరాళం’ అని అచ్చు వేయించండి. బియ్యమో పప్పో ఇచ్చేవాళ్ళు కొందరు ఉంటారు, ముఖ్యంగా డబ్బు చేతిలో ఆడని పెద్దవాళ్ళు. అవి తీసుకోము అనకండి. సాయంత్రం చదువుకునే పిల్లలకు ఉడకబెట్టి పెట్టవచ్చు. వాళ్ళకూ రసీదు రాసివ్వండి, ఎంత అన్న గడిలో ‘పిడికెడు’ అని రాసి.